నయమైన మనిషి

అక్టోబరు 4, శనివారం

బావ మళ్ళీ కారు తాళాలు తీసుకుని సెల్లారుకు దిగాడు. ఎక్కడికీ పోడు. ర్యాంపు పక్కన సిగ్నల్ వచ్చే చోట కారు పెట్టుకుని, అద్దాలన్నీ ఎత్తుకుని, ఫోనులో ఆ దేవిశ్రీతో మాట్లాడతాడు. వారానికోసారి కౌన్సెలింగ్. ఇంట్లో కూర్చుంటే నాకు వినబడుతుందట. వినబడితే ఏమిటంట? మేనత్త కొడుకు, నేను పరికిణీ కట్టుకున్నప్పటి నుంచీ ఎరిగిన మనిషి. నాకు చెప్పని మాటలు ముక్కూ మొహం తెలియని పిల్లకు గంటసేపు చెబుతాడు. తిరిగి వచ్చేటప్పటికి కళ్ళు ఎర్రగా ఉంటాయి. అక్కడ ఏడుస్తాడన్నమాట. నా ముందు ఒక్కసారి కూడా ఏడవలేదు.

ఒళ్ళు మండిపోతోంది. రాసుకుంటేనన్నా తగ్గుతుందని ఈ డైరీ తీశాను.

ఆగస్టులో బాల్కనీలో నిలబడి అన్న మాట మాత్రం నాకే అన్నాడు. "నేను లేకుంటే నువ్వు నిమ్మళంగా ఉంటావు మే" అని. కాఫీ చల్లారిపోయింది అన్నంత మామూలుగా. మర్నాడే బాల్కనీ తలుపుకు తాళం వేయించాను. డాక్టరు దగ్గరకు లాక్కెళ్ళాను. ఆయన మాత్రలు రాసి, "వీటితో సగమే అమ్మా. వారం వారం ఎవరితోనైనా మనసు విప్పి మాట్లాడాలి. అది మాత్రం ఆపనివ్వకండి" అన్నాడు. అప్పటి నుంచి బట్టలు హాల్లోనే ఆరేస్తున్నాను. ఎవరైనా అడిగితే పావురాల గోల అని చెబుతున్నాను. మణికొండలో ఆ మాట నమ్మని వాళ్ళు లేరు.

అక్టోబరు 11

ఏం మాట్లాడావు బావా అని అడిగాను.

"ఏమీ లేదు మే, ఊరికే."

ఊరికే గంటసేపా!

అక్టోబరు 13

ఆగలేక నేనే దేవిశ్రీకి ఫోన్ చేశాను. గొంతు వింటే పాతికేళ్ళు కూడా ఉన్నట్టు లేదు.

"ఆయన నాతో చెప్పేవి మీకు చెప్పలేనండి. ఆయన సరేనంటే ముగ్గురం కలిసి మాట్లాడుకుందాం" అంది.

"నేను ఆయన భార్యనమ్మా" అన్నాను.

"అర్థమైందండి. అయినా చెప్పలేను."

తర్వాత ఇంకో ప్రశ్న వేసింది. "మరి మీరు ఎవరితోనైనా మాట్లాడుతున్నారా?" అని. నాకేం రోగం? ఫోన్ పెట్టేశాను.

అక్టోబరు 18

రాయడానికి మనసొప్పడం లేదు గానీ రాస్తాను. ఈ పొద్దు బావ నేను చెప్పకుండానే స్నానం చేశాడు. బొరుగుల ఉగ్గాని చేయమని అడిగాడు. ఆగస్టు నుంచి ఇది కావాలి అని నోరు తెరిచి ఏదీ అడగలేదు. రెండోసారి పెట్టించుకున్నాడు కూడా.

తింటూ అన్నాడు, "తనకంటూ కొంచెం చోటు ఉంచుకోవాలంట మే మనిషి" అని. ఇంకా ఏమన్నా చెబుతాడేమోనని ఎదురుచూశాను. లేచి చెయ్యి కడుక్కున్నాడు. నేను చేసిన ఉగ్గాని, ఆవిడ చెప్పిన మాట. ఆ పిల్ల వల్లే బాగుపడుతున్నాడు, నావల్ల కాదు. ఇందుకు ఏడవాలా సంతోషించాలా?

సంతోషంగానే ఉన్నాను.

అక్టోబరు 26, ఆదివారం

కార్తీకం వచ్చింది కదా, క్లబ్‌హౌస్‌లో విష్ణు సహస్రనామం పెట్టారు. పై అంతస్తు సుబ్బలక్ష్మి గారే పెద్ద. భీమవరం ఆవిడ, టీచరుగా చేసి రిటైరయ్యారు. ఈ అపార్ట్‌మెంటులో ఎవరింట్లో పాలు విరిగినా ఆవిడకు తెలుస్తుంది. పారాయణం అయ్యాక నా చెయ్యి పట్టుకున్నారు.

"ఏంటమ్మా శిరీషా, ఇలా చిక్కిపోయావు?"

అంతే. ఆ ఒక్క మాటకు కట్ట తెగిపోయింది. అంతా చెప్పేశాను. ఆఫీసులో ప్రాజెక్టు పోయినప్పటి నుంచి బావ మంచం దిగకపోవడం, బాల్కనీలో అన్న మాట, తాళం, కారులో కౌన్సెలింగ్. అన్నీ. ఆవిడ ఒడిలో తల పెట్టుకుని ఏడ్చాను. సాంబ్రాణి వాసన వేసింది ఆవిడ చీర.

"ఇంత బరువు ఒక్కదానివే మోస్తున్నావా తల్లీ? మేమంతా చచ్చామనుకున్నావా? మనిషికి బాగోకపోతే చుట్టూ నలుగురు మనుషులుండాలి గానీ, కారులో దూరి ఫోన్లో మాట్లాడుకోవడమేంటమ్మా, చోద్యం కాకపోతే! ఆ అమ్మాయి వారానికి ఓ గంట ఉంటుంది. మేం పొద్దస్తమానం ఉంటాం."

ఆ మాట ఎంత బాగుందో! ఇంటికొచ్చి మధ్యాహ్నం హాయిగా నిద్రపోయాను. ఎన్నాళ్ళకో.

బావకు చెప్పలేదు. చెప్పడానికేముంది, ఆడవాళ్ళ మాటలు.

నవంబరు 6

ఆదివారం సామూహిక సత్యనారాయణ వ్రతమట. సుబ్బలక్ష్మి గారు ఫోన్ చేసి గోత్రం, నక్షత్రం అడిగారు. చెప్పాను. "దంపతులిద్దరూ పీటల మీద కూర్చోవాలి సుమా" అన్నారు. వ్రతం అంటే మంచిదే కదా.

నవంబరు 9, ఆదివారం

బావను బతిమాలి కిందికి తీసుకెళ్ళాను. "కాసేపే బావా, ప్రసాదం తిని వచ్చేద్దాం" అన్నాను. పంచె కట్టుకున్నాడు. క్లబ్‌హౌస్ నిండా జనం. బావ ఆఫీసు వాళ్ళవే రెండు మూడు కుటుంబాలున్నాయి. వెనకాల కూర్చుందామన్నాడు. సుబ్బలక్ష్మి గారు వింటేనా! ముందు వరసలో మాకని పీటలు వేసి ఉంచారు.

పంతులు గారు మైకు పెట్టుకుని, ఒక్కో జంటకూ గోత్రనామాలు చదివి, ఎందుకు చేసుకుంటున్నారో సంకల్పం చెబుతున్నారు. ఒకరికి ప్రమోషన్. ఒకరికి వీసా. ఒకరికి కూతురి పెళ్ళి. మా వంతు వచ్చింది. గోత్రం చెప్పారు. చిత్తా నక్షత్రం చెప్పారు. రంగనాథ నామధేయస్య అన్నారు. మనోవ్యాధి నివారణార్థం, అపమృత్యు దోష నివారణార్థం అన్నారు.

ఆ సంస్కృతం ఎంతమందికి అర్థమైందో, అక్కడితో ఆగినా బాగుండేది. సుబ్బలక్ష్మి గారు లేచి మైకు అందుకున్నారు.

"మన రంగనాథ్ గారండి, ఆగస్టు నుంచి మనసు బాగోక, ప్రాణం తీసుకోవాలన్నంత బాధలో ఉన్నారండి. పరాయివాళ్ళనుకోకుండా, అందరూ వచ్చి మన బిడ్డే అనుకుని అక్షింతలు వేసి దీవించండి."

వచ్చారు. అందరూ వచ్చారు. వరసగా నిలబడి ఒక్కొక్కరే బావ నెత్తి మీద అక్షింతలు వేశారు. కొందరు తల నిమిరారు. ఒక ముసలాయన కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆఫీసు అతనొకడు భుజం తట్టి, "టేక్ కేర్ బ్రో" అన్నాడు. బావ తలెత్తలేదు. జుట్టులో, ఒళ్ళో, పంచె మడతల్లో పసుపు బియ్యం. పక్క పీట మీద నేను. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

అయ్యాక సుబ్బలక్ష్మి గారిని పక్కకు లాగి, "అట్లా ఎందుకు చెప్పారు?" అన్నాను.

"దేవుడి దగ్గర దాచిపెడితే సంకల్పం ఫలించదమ్మా" అన్నారు. నిజంగా నమ్మి అన్నారు. ఆవిడ కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. ఎట్లా తిట్టాలి?

లిఫ్టులో బావ జుట్టులోంచి బియ్యం గింజలు ఏరుకుంటూ అడిగాడు. "నువ్వే చెప్పినావా మే?"

"ఆమె ఒక్కదానికే బావా..."

ఇంకో గింజ ఏరుకున్నాడు.

నవంబరు 10

పొద్దున్నుంచీ తలుపు గంట మోగుతూనే ఉంది. ఒకరు పూర్ణాలు, ఒకరు పులిహోర. ఫ్రిజ్‌లో చోటు లేదు. అసోసియేషన్ సెక్రటరీ మహేశ్ అయితే నేరుగా బావ గదిలోకే వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"ఏంది అన్నా, గిట్ల ఇంట్ల కూసుంటే ఎట్ల? రేపటి సంది పొద్దుగాల వాకింగ్. నేనే వచ్చి బెల్లు కొడ్త. జర బయటికొస్తే మొత్తం సెట్ అయితది. ఫికర్ చెయ్యకు, మేమున్నం."

మంచి మనిషి. ఎవరికి దవాఖాన పని పడినా ముందు కారు తీసేది అతనే. బావ సరేనన్నాడు. అతను వెళ్ళాక గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నవంబరు 15, శనివారం

కారు తాళాలు కొక్కేనికే ఉన్నాయి. పదకొండు దాటింది. "బావా, దేవిశ్రీ..." అన్నాను.

"ఊరందరికీ తెలిసినాక ఆ పాపకు కొత్తగా చెప్పేదానికి ఏముండాది?"

నేనే కదా ఆ పిల్ల మీద ఏడ్చింది. ఇప్పుడు వెళ్ళు బావా, వెళ్ళి ఆవిడ దగ్గరే ఏడువు అని కాళ్ళు పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. వంకాయలు తరిగాను.

నవంబరు 16, ఆదివారం

రాసే చెయ్యి ఆగడం లేదు! కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌లో వనభోజనాలు. బావ వచ్చాడు. తనంతట తానే బయల్దేరాడు. ఉసిరి చెట్టు కింద విస్తళ్ళు వేశాడు, సాంబారు బకెట్ పట్టుకుని వరస వరసా వడ్డించాడు. భజనలో చప్పట్లు కొట్టాడు. సుబ్బలక్ష్మి గారు అడిగితే మెడ కాస్త పక్కకు వంచి, "బాగున్నాను ఆంటీ, అంతా మీ దీవెన" అన్నాడు. ఆవిడ పొంగిపోయి అందరినీ పిలిచి మరీ చెప్పారు. ఒకటే చప్పట్లు. ఎవరో శాలువా కూడా తెచ్చి కప్పేశారు. మహేశ్ ఎత్తుకుని తిప్పినంత పని చేశాడు.

నేనే అనవసరంగా బాధపడ్డాను. ఆ రోజు అట్లా బయటపడబట్టే బరువు దిగినట్టుంది. నలుగురిలో పడితే మనిషి మామూలవుతాడు. ఇన్నాళ్ళూ గుట్టు గుట్టు అని నన్ను నేను చంపుకున్నాను.

తగ్గిపోయింది. బావకు తగ్గిపోయింది.

నవంబరు 19

బావ వాకింగ్ నుంచి వస్తుంటే కింద కలిశాను. మహేశ్‌తో ఏదో చెప్పి పకపకా నవ్వుతున్నాడు. ఇద్దరం లిఫ్టు ఎక్కాం. తలుపులు మూసుకున్నాయి. లిఫ్టు అద్దంలో చూశాను బావ మొహం. నవ్వు ఒక్కసారిగా పోయింది. మెల్లగా కాదు, స్విచ్ ఆపినట్టు.

ఎండలో నడిచాడు కదా. అలిసిపోయి ఉంటాడు.

నవంబరు 22

దేవిశ్రీ ఫోన్ చేసింది. ఫారంలో నా నంబరే ఇచ్చాడట అత్యవసరానికని.

"రంగనాథ్ గారు మానేశారండి. కారణం అడగను. కానీ మంచి దశలో మానలేదు ఆయన. ఒంటరిగా వదలకండి, డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి."

"ఆయనకు నయమైపోయిందమ్మా" అన్నాను. "చూస్తే నువ్వే ఆశ్చర్యపోతావు. భజనలకు వెళ్తున్నాడు."

"మీతో ఏమంటున్నారండి?" అంది.

బాగున్నాను అంటున్నాడు. అదే చెప్పాను. నీ గిరాకీ పోయిందని బాధా అని కూడా అనేశాను. ఛీ, ఏం నోరు నాది!

"సరేనండి. ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, మీరైనా సరే" అని పెట్టేసింది.

నవంబరు 30, ఆదివారం

సి బ్లాకు ఈశ్వరమ్మ పెద్దమ్మ వచ్చింది. ధర్మవరం మనిషి. కొడుకు జశ్వంత్‌కు వండిపెట్టడానికని వచ్చి ఇక్కడే ఉంది. ఆ అబ్బాయి ఉద్యోగం మానేసి గదిలోంచి బయటికి రావడం లేదట. అతనికీ ఏదో కౌన్సెలింగ్ నడుస్తోందట. సుబ్బలక్ష్మి గారు మా ఇంటికి పంపించారు.

"మీ ఆయన మావాని మాదిరే ఉండి బాగైనాడంట గదా పాపా. ఒక్కతూరి మావానితో మాట్లాడమని చెప్పు. నీ కాళ్ళు మొక్కుతా."

బావ లోపల్నుంచి విని, చెప్పులు వేసుకుని వెంటనే వెళ్ళాడు. చాలాసేపు ఉండి వచ్చాడు. నాకెంత గర్వంగా అనిపించిందో.

డిసెంబరు 6, శనివారం

జశ్వంత్ కిందికి దిగాడు. క్లబ్‌హౌస్‌కు వచ్చి చప్పట్లు కొట్టాడు. అడిగిన వాళ్ళందరికీ, "బాగున్నాను ఆంటీ, అంతా మీ దీవెన" అన్నాడు.

ఆ మాటే. అచ్చం ఆ మాటే. మెడ కాస్త పక్కకు వంచడం కూడా బావలాగే.

ఇంటికొచ్చి అడిగాను. "ఆ అబ్బాయికి ఏం చెప్పావు బావా?"

టీవీ చూస్తూ చెప్పాడు. "రోజూ స్నానం చేసి కిందికి పో. భజనలో చేతులు కలుపు. ఎవురు చూసినా నవ్వు. బాగుండాను అను. అప్పుడు వదిలిపెడతారు అని చెప్పినాను."

"మరి నువ్వు?"

"నేనూ అంతే గదా."

"నాతో కూడానా బావా?"

"నీతోనే మే ముందు."

కోపం లేదు ఆ గొంతులో. కోపమన్నా ఉంటే కాళ్ళ మీద పడేదాన్ని. ఎదురుగా కూర్చుని అడిగాను, ఆ రోజు బాల్కనీలో అన్న మాట, అది ఇంకా అనిపిస్తుందా అని. టీవీ వైపు నుంచి నావైపు తిరిగాడు. మెడ కాస్త పక్కకు వంచాడు. నవ్వాడు.

"బాగుండాను మే."

డిసెంబరు 9

డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. రానని గొడవ చేస్తాడనుకున్నాను, చక్కగా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నిద్ర పడుతోందా, పడుతోంది. ఆకలి, బాగుంది. పిచ్చి ఆలోచనలు? లేవు సార్, అపార్ట్‌మెంటులో అందరూ చాలా సపోర్టు. డాక్టరు మురిసిపోయాడు.

"అబద్ధం సార్, నటిస్తున్నాడు" అన్నాను. బావ డాక్టరు వైపు చూసి, "నన్ను చూసుకుని చూసుకుని తను బాగా అలిసిపోయింది సార్" అన్నాడు, ఎంతో ప్రేమగా. డాక్టరు నాకు నిద్రమాత్ర రాసిచ్చాడు.

దారిలో బావ మందుల షాపులోకి వెళ్ళినప్పుడు దేవిశ్రీకి ఫోన్ చేశాను. పాపం, ఎత్తింది. తిట్టలేదు. "ఆయన రాకుండా నేనేం చేయలేనండి. మీరు మాత్రం పక్కనే ఉండండి. బాల్కనీ తాళం తీయకండి" అంది. మళ్ళీ అడిగింది, మీరెలా ఉన్నారని. బాగానే ఉన్నానమ్మా అన్నాను.

డిసెంబరు 11

సుబ్బలక్ష్మి గారికి చెబుదామని వెళ్ళాను. బావ బాగవలేదని. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. చెబితే ఆవిడ ఊరుకోరు. మళ్ళీ ఇంకో పూజ, మళ్ళీ మైకు. కక్కలేను, మింగలేను.

డిసెంబరు 14, ఆదివారం

ఈశ్వరమ్మ పెద్దమ్మ కజ్జికాయలు తెచ్చింది. ఊరికి పోతోందట, చెల్లెలి కూతురి పెళ్ళి. బ్యాగు సర్దుకుని, ఆటో పిలిచి మరీ వచ్చింది. జశ్వంత్ వెళ్ళమన్నాడట.

"మావాడు మనిషైనాడు పాపా. ఆ కౌన్సిలింగు గూడా వద్దులేమ్మా, బాగుండా అని మానుకున్నాడు. వాడొక్కడే ఉంటాడులే, ఏం భయం లేదు గదా?"

"పోవద్దు పెద్దమ్మా" అన్నాను.

"ఏంటికి?"

ఏమని చెప్పాలి? నీ కొడుకు నటిస్తున్నాడు, నేర్పింది నా మొగుడే అనా? గదిలో బావ ఉన్నాడు. వింటున్నాడు. నేను నోరు తెరిస్తే అతని గుట్టు బయటపెట్టడం రెండోసారి అవుతుంది. అయినా తెరిచాను.

"బాగయ్యానని అంటారు పెద్దమ్మా, బాగవరు. మా బావకూ తగ్గలేదు. జశ్వంత్‌ను ఒంటరిగా వదలొద్దు. కౌన్సెలింగ్‌కు మళ్ళీ పంపించు."

ఆమె మొహం ఎర్రబడిపోయింది. సరిగ్గా అప్పుడే బావ బయటికి వచ్చాడు. కజ్జికాయ ఒకటి తీసుకుని కొరికి, "భలే ఉండాయి పెద్దమ్మా" అన్నాడు. ఆమె అతన్ని చూసింది, నన్ను చూసింది.

"ఇట్లా మొగుణ్ణి ఎదురుగా పెట్టుకుని తగ్గలేదంటావా! నీ మొగుడు బాగైతే ఊరంతా చప్పట్లు కొట్టినారు. నా కొడుకు బాగైతే నీ కండ్లకు ఆనడం లేదా? ఓర్వలేకపోతే పోయినావు గానీ, పొయ్యే ముందర అపశకునం మాటలు ఏంటికి పాపా?"

వెళ్ళిపోయింది. బావ వెళ్ళి ఆమె బ్యాగు ఆటోలో పెట్టి వచ్చాడు. పెద్దామె కదా, మోయలేదు.

ఉండబట్టలేక నేను సి బ్లాకుకు వెళ్ళాను. జశ్వంత్ తలుపు తీశాడు. తల దువ్వుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"బాగున్నాను అక్కా" అన్నాడు నవ్వుతూ.

నేనింకా ఏమీ అడగనే లేదు.